పక్షిరాజు రెక్కల మీద పుస్తకం

చర్చి సామాను కథలు: పఠనపీఠం, ప్రసంగపీఠం

ఇంగ్లండులో నాటింగ్‌హామ్ పట్టణానికి ఉత్తరాన న్యూస్టెడ్ అనే పాత మఠం ఉంది. కవి బైరన్ వంశం వారి భవనంగా లోకానికి తెలుసు గానీ, అంతకుముందు మూడు వందల ఏళ్లకు పైగా అక్కడ ఉన్నది అగస్టీనియన్ మఠవాసులు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ మఠం చెరువులోంచి ఒక పెద్ద ఇత్తడి పక్షిని బయటికి తీశారు. గుండ్రటి బంతి మీద గోళ్లు ఆనించి, రెక్కలు రెండు పక్కలా చాచి నిలబడిన పక్షిరాజు అది. బాగా తోమి ఇమ్మని ఇత్తడి పనివాడికి అప్పగిస్తే, విడదీసినప్పుడు దాని లోపల బోలుగా ఉందని, ఆ బోలులో తోలు పత్రాలు చుట్టి పెట్టారని బయటపడింది. రాజముద్రలు వేసిన పత్రాలు అవి. 1539లో ఎనిమిదో హెన్రీ మనుషులు మఠాన్ని స్వాధీనం చేసుకోవడానికి వస్తున్నారని తెలిసినప్పుడు, అక్కడివాళ్లు తమ విలువైన కాగితాలను తమ దగ్గరున్న బరువైన వస్తువు కడుపులో పెట్టి నీళ్లపాలు చేసి ఉంటారు. గొడవ సద్దుమణిగాక తిరిగి వచ్చి తీసుకోవచ్చన్న ఆశ లేకపోతే కాగితాలు దాచే పనే లేదు కదా.

వాళ్లు తిరిగి రాలేదు. పక్షి మాత్రం మళ్లీ చర్చిలోకి చేరింది. 1805లో దగ్గరలోనే ఉన్న సౌత్‌వెల్ మిన్‌స్టర్‌కు కానుకగా వెళ్లి, ఇప్పటికీ అక్కడే బైబిల్‌ను మోస్తోంది. రాల్ఫ్ సావేజ్ అనే వ్యక్తి ఆత్మ కోసం, చనిపోయిన విశ్వాసులందరి ఆత్మల కోసం ప్రార్థించమని కోరే లాటిన్ వాక్యం దాని ఒంటి మీద చెక్కి ఉంది.

గత సంచికలో బలిపీఠం దగ్గర ఆగాం. ఈసారి దానికి ఎదురుగా, ఒక్కోసారి దానికి అడ్డంగా కూడా నిలబడిన రెండు వస్తువుల కథ చెప్పుకుందాం. ఒకటి లేఖనం చదవడానికి పుస్తకం పెట్టే పఠనపీఠం. రెండోది మనిషి ఎక్కి మాట్లాడే ప్రసంగపీఠం. మన ఊళ్ల చర్చిల్లో చాలాచోట్ల ఒక్క పల్పిటే ఈ రెండు పనులూ చేస్తుంది కాబట్టి ఇవి వేరువేరు అన్న సంగతి మనకు అంతగా పట్టదు. ఇంగ్లండు చరిత్రలో మాత్రం ఈ రెండింటి మధ్య దూరం చాలా పెద్దది. పుస్తకం ముందు ఎవరైనా నిలబడవచ్చు. ప్రసంగపీఠం ఎక్కాలంటే అనుమతి ఉండాలి. పదహారో శతాబ్దం నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా ఆ దేశంలో రాజులు, బిషప్పులు, సామాన్యులు ఈ తేడా మీదే పెనుగులాడారని నా అభిప్రాయం. చర్చి లోపల ఈ చెక్క, ఇత్తడి సామాను ఎటు జరిగిందో చూస్తే ఆ పెనుగులాటలో ఎప్పుడు ఎవరిది పైచేయి అయిందో తెలిసిపోతుంది.

ముందు ఆ పక్షి సంగతి. నాలుగు సువార్తల రచయితలకు నాలుగు గుర్తులున్నాయి. యోహానుకు పక్షిరాజు గుర్తు. అది అన్ని పక్షులకన్నా ఎత్తుకు ఎగురుతుందని, సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూడగలదని పాతకాలం వాళ్లు నమ్మేవారు. నమ్మకం అలా ఉండగా, పనికొచ్చే ఆకారం కూడా అదే. రెండు రెక్కలూ వాలుగా తెరుచుకుంటే పెద్ద పుస్తకం ఒరగడానికి చక్కటి బల్ల తయారవుతుంది. తోక దగ్గరి అంచు పుస్తకం కిందికి జారకుండా ఆపుతుంది. పోత ఇత్తడి బరువుకు ఎంత పెద్ద గ్రంథం పెట్టినా పీఠం ఒరగదు. ఇంగ్లండు తూర్పు ప్రాంతంలో పదిహేనో శతాబ్దం చివర, పదహారో శతాబ్దం మొదట్లో ఇలాంటి పక్షులను పోతపోసిన పనివాళ్లు ఉండేవారు. మతసంస్కరణకు ముందునాటివి నలభైకి పైగా నేటికీ నిలిచి ఉన్నాయి. వాటిలో ఒకటి ఇటలీలోని ఉర్బినో దాకా వెళ్లింది.

చదవడానికి ప్రత్యేకంగా ఒక ఎత్తైన చోటు అన్న ఆలోచన మఠాల్లో అంతకన్నా పాతది. హాంప్‌షైర్‌లోని బ్యూలీ మఠాన్ని 1204లో జాన్ రాజు స్థాపించాడు. అక్కడ సన్యాసులు మౌనంగా భోజనం చేస్తుంటే ఒకరు పైనుంచి గ్రంథం చదివేవారు. అందుకోసం భోజనశాల గోడ మందంలోనే మెట్లు తొలిచి, సన్నటి రాతి కమానుల వరుస మధ్య నుంచి పైకెక్కేలా చేసి, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చే రాతి పీఠం కట్టారు. హెన్రీ మఠాలను మూయించినప్పుడు పెద్ద చర్చి కూలిపోయింది గానీ భోజనశాల మిగిలింది. ఊరివాళ్లు దాన్నే తమ చర్చిగా చేసుకున్నారు. అన్నాల వేళ చదవడానికి కట్టిన ఆ పదమూడో శతాబ్దపు పీఠం ఇవాళ ఊరి చర్చి పీఠంగా ఉంది. గోడ లోపలి ఆ మెట్ల వరుసంత అందమైన పని ఆ కాలపు ఇంగ్లండులో చాలా అరుదు.

ఊళ్లలోని మామూలు చర్చిల తీరు వేరు. అక్కడ పూజ లాటిన్‌లో, తెర అవతల, జనానికి దూరంగా జరిగేది. ప్రసంగం ప్రతి ఆదివారమూ ఉండేది కాదు. పదమూడో శతాబ్దం నుంచి ఫ్రాన్సిస్కన్, డొమినికన్ సన్యాసులు ఊరూరా తిరుగుతూ జనం భాషలో మాట్లాడడం మొదలుపెట్టాక ఊరి చర్చిలకూ ప్రసంగపీఠం మీద మనసు పుట్టింది. పదిహేనో శతాబ్దానికి సన్నటి కాడ మీద నిలిచే వైన్ గ్లాసు ఆకారపు చెక్క పీఠాలు వచ్చాయి. నార్ఫోక్‌లో బర్నమ్ నార్టన్ అనే చిన్న ఊళ్లో అలాంటిదొకటి రంగులు చెదరకుండా ఉంది. ఆంబ్రోస్, అగస్టీన్, గ్రెగరీ, జెరోమ్ అనే నలుగురు పండితులు ఒక్కో పలక మీద రాతబల్ల ముందు కూర్చుని కనిపిస్తారు. వాళ్ల పక్కనే పీఠం చేయించిన జాన్ గోల్డేల్, అతని భార్య క్యాథరిన్ మోకరించి ఉంటారు. ఊరి దంపతులు తమ డబ్బుతో చేయించి, తమ బొమ్మలు కూడా వేయించుకున్న పీఠం అది. పైవాళ్ల ఆజ్ఞ మీద చేసింది కాదు.

ఆజ్ఞలు 1538లో మొదలయ్యాయి. ఆ సెప్టెంబరులో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి చర్చిలో ఇంగ్లిషు భాషలో పూర్తి బైబిల్, అందులోనూ పెద్ద సైజుది, జనం వచ్చి చదువుకోవడానికి వీలైన చోట పెట్టాలి. ఖర్చులో సగం చర్చి గురువు, సగం ఊరివాళ్లు భరించాలి. మరుసటి ఏడు అచ్చయిన ఆ పుస్తకాన్ని గొప్ప బైబిల్ అంటారు. ఒడిలో పెట్టుకుని చదివే సైజు కాదది. దానికి బల్ల కావాలి, బల్లకు చోటు కావాలి. చాలాచోట్ల దొంగల భయానికి గొలుసు వేసి కట్టారు. అంతవరకు చర్చిలో పుస్తకం గురువుల సొత్తు. ఇప్పుడు రొట్టెలు చేసేవాడు, బట్టలు కుట్టేవాడు పని ముగించుకుని వచ్చి, తన భాషలో, తన నోటితో చదువుకోవచ్చు. ఇంగ్లండు చర్చి చరిత్రలో అంతటి సాహసం మరొకటి లేదని నేననుకుంటాను.

కానీ రాజుగారి మనసులో ఉన్నదేమిటో ఆ పుస్తకం ముఖచిత్రమే చెబుతుంది. పైన సింహాసనం మీద హెన్రీ. ఒక చేత్తో బిషప్పులకు, ఇంకో చేత్తో దొరలకు పుస్తకం అందిస్తున్నాడు. వాళ్ల నుంచి అది మెట్టుమెట్టుగా కిందికి దిగుతుంది. బొమ్మ అట్టడుగున జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ల చేతుల్లో మాత్రం పుస్తకం లేదు. ప్రసంగపీఠం మీద నిలబడిన గురువు చెబుతుంటే వింటూ, రాజుకు జయం అంటున్నారు. చదువుకోండని ఇచ్చిన పుస్తకం మొదటి పేజీలోనే జనం పని వినడం అని గీసి చూపించారు.

లండన్‌లోని సెయింట్ పాల్స్ పెద్ద చర్చిలో బిషప్ ఎడ్మండ్ బోనర్ ఆరు బైబిళ్లు పెట్టించాడు. చదవడానికి వచ్చేవాళ్లు గుంపులు కట్టకూడదని, అర్థాలు వివరించకూడదని, పూజ జరిగేటప్పుడు గట్టిగా చదవకూడదని హెచ్చరికలు కూడా పెట్టించాడు. జాన్ పోర్టర్ అనే యువకుడు అక్కడికి వచ్చి చదివేవాడు. ఎత్తైన మనిషి, గొంతు స్పష్టం. చదువురాని వాళ్లు అతని చుట్టూ చేరేవారు. గుంపు పెరిగింది. బోనర్ అతన్ని పిలిపించి, వాక్యానికి అర్థాలు చెబుతున్నావని నేరం మోపాడు. తాను చదవడమే తప్ప మరేమీ చేయలేదని పోర్టర్ జవాబిచ్చాడు. న్యూగేట్ చెరసాలలో ఇనుప సంకెళ్లు వేశారు. కొద్ది రోజులకు చనిపోయి కనిపించాడు. హతసాక్షుల చరిత్ర రాసిన జాన్ ఫాక్స్ ఈ కథను భద్రంగా దాచి మనకిచ్చాడు. పోర్టర్ ఏ పీఠమూ ఎక్కలేదు, ఏ సిద్ధాంతమూ బోధించలేదు. చర్చి తెరిచిపెట్టిన పుస్తకాన్ని పైకి చదివాడు, అంతే. రాజ్యానికి ఆ పఠనపీఠం చుట్టూ చేరిన జనమే భయం పుట్టించారు.

1541లో రాజు ఒక పక్క బైబిల్ కొనని చర్చిలకు నెలకు నలభై షిల్లింగుల జరిమానా వేశాడు. మరో పక్క, రెండేళ్లు తిరక్కుండానే, 1543లో పార్లమెంటు చట్టం చేసింది. స్త్రీలు, చేతిపనివాళ్లు, వారి దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు, రైతులు, కూలీలు ఇంగ్లిషు బైబిల్ చదవరాదు. గొప్పింటి స్త్రీలు మాత్రం తమకు తాము ఏకాంతంగా చదువుకోవచ్చు. పుస్తకం ప్రతి చర్చిలోనూ బల్ల మీద ఉంది. దాన్ని కొనడానికి డబ్బిచ్చింది ఊరివాళ్లే. ఆ ఊరివాళ్లలో ఎక్కువమంది దాన్ని ముట్టుకుని చదివితే నేరం.

ఇక్కడి నుంచి ప్రసంగపీఠం ముందుకొచ్చింది. హెన్రీ పోయి, ఆయన కొడుకు ఆరో ఎడ్వర్డ్ గద్దెనెక్కిన 1547లో, ప్రతి చర్చిలోనూ యోగ్యమైన ప్రసంగపీఠం అనువైన చోట పెట్టాలని ఉత్తర్వు వెళ్లింది. అదే ఏడు ఆర్చిబిషప్ క్రాన్మర్ ప్రసంగాల సంపుటి అచ్చువేయించాడు. సొంతంగా ప్రసంగించడానికి అనుమతి లేని గురువులు పీఠమెక్కి ఆ పుస్తకంలోది చదివి దిగిపోవాలి. జనం తమంతట తాము చదువుకుంటే ఏమర్థం చేసుకుంటారో తెలియదు. గురువు తనంతట తాను మాట్లాడితే ఏమంటాడో తెలియదు. పీఠం మీద మనిషి ఉండాలి, అతని నోట్లో ప్రభుత్వం మాట ఉండాలి. ఇదీ ఏర్పాటు.

మొదటి ఎలిజబెత్ రాణికి ఈ సూక్ష్మం తండ్రికన్నా బాగా తెలుసు. పీఠాలను శ్రుతి చేయడం అనే మాటను ఆమె పేర చెబుతారు. ఏదైనా పెద్ద రాజకార్యం తలపెడితే ముందుగా లండన్ చుట్టుపక్కల ప్రసంగీకులకు కబురు వెళ్లేది. సెయింట్ పాల్స్ ఆవరణలో ఆరుబయట ఉండే ప్రసంగపీఠం అందుకు ముఖ్యమైన చోటు. ఎండైనా వానైనా వందల మంది చేరేవారు. పత్రికలు లేని ఆ కాలంలో రాజ్యం తన మాట జనంలోకి పంపే దారి అదే. అలాగని రాణికి ప్రసంగీకుల మీద ప్రేమేమీ లేదు. ఒక్కో జిల్లాకు ముగ్గురో నలుగురో ప్రసంగీకులు చాలునని ఆమె అభిప్రాయం. గురువులు ఒకచోట చేరి లేఖనం మీద చర్చించే సమావేశాలను ఆపించమని 1576లో ఆర్చిబిషప్ ఎడ్మండ్ గ్రిండల్‌ను ఆదేశించింది. గ్రిండల్ ఒప్పుకోలేదు. అచ్చు ప్రసంగాలు చదివించడం బతికిన మనిషి బోధకు సాటి రాదని రాణికే ఉత్తరం రాశాడు. 1577లో ఆయన్ని విధుల నుంచి తప్పించారు. 1583లో చనిపోయే దాకా ఆ మచ్చతోనే ఉన్నాడు. ఈ కథలో నాకు అమితంగా నచ్చిన మనిషి గ్రిండల్. పదవి తనకిచ్చిన రాణికి కాదని చెప్పడం ఎంత కష్టమో ఆ కాలపు చరిత్ర చదివినవాళ్లకు తెలుస్తుంది.

జనంలో మాత్రం ప్రసంగం మీద ఆకలి పెరిగిపోయింది. కేంబ్రిడ్జ్‌లో లారెన్స్ చాడర్టన్ ఒకసారి రెండు గంటలు మాట్లాడి, ఇక మీ ఓపికను పరీక్షించనంటూ ఆపబోతే, దేవుని కోసం ఆపవద్దు, కొనసాగించండని వింటున్నవాళ్లంతా కేకలు వేశారట. చరిత్రకారుడు థామస్ ఫుల్లర్ రాసిన ముచ్చట ఇది. ఆ రోజుల్లో పీఠం పక్కన ఇనుప కొక్కెంలో ఇసుక గడియారం ఉండేది. పై బుడ్డిలో ఇసుక అంతా కిందికి జారితే గంట అయినట్టు. అప్పుడు కొందరు ప్రసంగం ముగించేవారు, కొందరు బుడ్డిని తిప్పి పెట్టి ఇంకో గంటకు సిద్ధమయ్యేవారు. బెర్క్‌షైర్‌లోని హర్స్ట్ చర్చిలో 1636 నాటి ఇనుప కొక్కెం ఇంకా ఉంది. ఇసుక జారినట్టే మనిషి ఆయువూ జారిపోతుందన్న అర్థం వచ్చే మాటలు దాని మీద ఉన్నాయి. వినేవాళ్లు ఎదురుగా ఆ గడియారాన్నే చూస్తూ కూర్చునేవారు కాబట్టి ఆ మాటలు గుండెకు తగిలే ఉంటాయి.

1604లో చర్చి నియమాలు మళ్లీ రాసినప్పుడు రెండు వస్తువులకూ చోటిచ్చారు. ఎనభై రెండో నియమం గురువు ఆరాధన చదవడానికి తగిన ఆసనం ఉండాలంది. ఎనభై మూడోది ప్రసంగపీఠం తప్పనిసరి అంది. చదివే బల్ల, మాట్లాడే పీఠం రెండూ ఉన్నప్పుడు ఏది ఎత్తులో ఉండాలి? ప్రసంగమే ప్రాణమన్న ప్యూరిటన్లు పీఠాన్ని పైకి లేపారు. ప్రార్థనే ముఖ్యమన్నవాళ్లు అందుకు బాధపడ్డారు. కవి, గురువు అయిన జార్జ్ హెర్బర్ట్ ఈ తగాదాను ఒక వడ్రంగి పనితో తీర్చాడు. హంటింగ్‌డన్‌షైర్‌లోని లేటన్ బ్రామ్స్‌వోల్డ్ చర్చి బాధ్యత 1626లో ఆయనకు వచ్చింది. శిథిలమైన ఆ చర్చిని బాగుచేయించినప్పుడు చదివే పీఠం, ప్రసంగపీఠం రెండింటినీ సమానమైన ఎత్తులో, ఒకే తీరులో, చెరో పక్క చేయించాడు. ప్రార్థనకూ ప్రసంగానికీ మధ్య పెద్ద చిన్న తేడా ఉండకూడదన్నది ఆయన ఉద్దేశమని ఆయన జీవితకథ రాసిన ఐజాక్ వాల్టన్ చెప్పాడు. ఆ జంట పీఠాలు, వాటి మీది గొడుగు చెక్కలతో సహా, ఈనాటికీ అక్కడ ఉన్నాయి.

ఆ గొడుగు చెక్క సంగతి కొంచెం నిలబడి చూడాలి. పీఠం మీద వేలాడే ఆ వెడల్పాటి చెక్కను అలంకారం అనుకుంటారు చాలామంది. అది ధ్వని పరికరం. రాతి గోడలు, ఎత్తైన కప్పు ఉన్న చర్చిలో పలికిన మాట చాలాసేపు మోగుతూనే ఉంటుంది. అచ్చులు సాగిపోతాయి, హల్లులు వాటిలో మునిగిపోతాయి. లాటిన్ గానానికి ఆ మోత అందమే ఇచ్చింది. అర్థం తెలియాల్సిన ప్రసంగానికి అది శాపం. నెత్తిన చెక్క ఉంటే పైకప్పు వైపు వృథాగా పోయే ధ్వని అక్కడే తగిలి జనం వైపు తిరుగుతుంది. నేరుగా చెవిని చేరిన మాటకు ఈ తిరుగు ధ్వని సెకనులో ఇరవయ్యో వంతు లోపు వచ్చి కలిస్తే చెవి రెంటినీ ఒకే మాటగా, ఇంకాస్త గట్టిగా వింటుంది. పీఠానికి కొద్ది అడుగుల పైన ఉన్న చెక్క నుంచి ధ్వని అంతకన్నా ఎంతో ముందే వచ్చి చేరుతుంది. లెక్కలు ఎవరూ వేయకముందే వడ్రంగులు అనుభవంతో ఆ దూరం పట్టుకున్నారు.

లెక్క వేసినవాడు క్రిస్టఫర్ రెన్. 1666 అగ్నిప్రమాదంలో లండన్ చర్చిలు కాలిపోయాక కొత్తవాటిని కట్టే భారం ఆయన మీద పడింది. ఏళ్ల తర్వాత 1711లో తన అనుభవాన్ని కాగితం మీద పెట్టాడు. పాత మతం వాళ్లకు పూజ కంటికి కనబడితే, మంత్రం చెవిన పడితే చాలు. మన చర్చిలు మాట స్పష్టంగా వినడానికి కట్టినవి అన్నాడు. మామూలు గొంతు గల ప్రసంగీకుడి మాట ముందువైపు యాభై అడుగులు, పక్కలకు ముప్పై, వెనక ఇరవై అడుగుల దాకా వినిపిస్తుంది. అదీ అతను వాక్యం చివరి మాటను మింగేయకపోతేనే. ఫ్రెంచివాళ్లు చివరి మాట దగ్గర గొంతు పెంచుతారు కాబట్టి దూరానికి వినిపిస్తారని, మనవాళ్లు అక్కడే జారవిడుస్తారని కూడా రాశాడు. అందుకే కొత్త చర్చి అరవై అడుగుల వెడల్పు, తొంభై అడుగుల పొడవుకు మించకూడదన్నాడు. మనిషి గొంతు ఎంతదూరం పోతుందో కొలిచి గోడలు నిలబెట్టిన ఆలోచన ఇది. అంతకు ముందు చర్చిలో ఏ వస్తువుకూ అంతటి గౌరవం దక్కలేదు.

పద్దెనిమిదో శతాబ్దానికి ఈ గౌరవం మూడంతస్తులకు చేరింది. కింది అంతస్తులో గుమాస్తా. జనం తరఫున ఆమెన్ అనడం, కీర్తన ఎత్తుకోవడం అతని పని. మధ్య అంతస్తులో గురువు ప్రార్థనలు, పాఠాలు చదువుతాడు. ప్రసంగం వేళకు మెట్లెక్కి పై అంతస్తుకు వెళతాడు. ఎత్తు ఎందుకంటే జనం కూర్చునేది తలుపులున్న ఎత్తైన పెట్టెల్లాంటి పీటల్లో. పెట్టె అంచు మీదుగా కనబడాలంటే గురువు ఎత్తున ఉండక తప్పదు. పైగా చర్చిల్లో మేడలు కట్టారు. అక్కడివాళ్లకూ గురువు ముఖం కనబడాలి. సఫోక్‌లోని కెడింగ్టన్ పీఠం దగ్గర ఇసుక గడియారంతో పాటు గురువు తన విగ్గు తగిలించుకునే కొయ్య కూడా ఉంది.

ఈ రకంలో నాకు అమిత ఇష్టమైనది సముద్రం ఒడ్డున విట్బీ కొండ మీద, 199 మెట్లెక్కి చేరే సెయింట్ మేరీ చర్చిలోది. 1778లో చేసిన మూడంతస్తుల పీఠం చర్చి నడుమ, పెట్టె పీటల అడవిలో నిలబడి ఉంటుంది. దాని వెనక భాగం నుంచి రెండు పొడవాటి చెవి గొట్టాలు కిందికి దిగి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఒక గురువు భార్యకు చెవుడు. ఆమె పీఠం కింద కూర్చుని, ఆ గొట్టాలు చెవికి ఆనించుకుని భర్త ప్రసంగం వినేది. ఆ కాలపు ప్రసంగపీఠాల గురించి వెక్కిరింతలు చాలా ఉన్నాయి. 1736లో విలియం హోగార్త్ చెక్కిన నిద్రపోయే సంఘం బొమ్మలో గురువు భూతద్దంతో ప్రసంగం చదువుతుంటాడు, జనం గుర్రుపెడుతుంటారు, గుమాస్తా నిద్రపోతున్న ఆడపిల్ల వైపు దొంగచూపు చూస్తుంటాడు. బొమ్మ నిజమే కావచ్చు. విట్బీలోని ఆ గొట్టాలు కూడా నిజమే. వినాలన్న కోరికకు అంతకన్నా మంచి సాక్ష్యం నేను చూడలేదు.

అయితే మూడంతస్తుల పీఠం ఎక్కడానికి వీలులేనివాళ్ల మాటేమిటి? 1739లో జార్జ్ వైట్‌ఫీల్డ్ బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గు గని కూలీలకు ఆరుబయట ప్రసంగించాడు. ఆయన ఫిలడెల్ఫియాలో మాట్లాడుతున్నప్పుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ వెనక్కి వెనక్కి నడుస్తూ గొంతు ఎంతదూరం వినిపిస్తుందో కొలిచి, ముప్పై వేల మందికి పైగా వినగలరని లెక్క కట్టాడు. రెన్ యాభై అడుగుల లెక్క అక్కడ చిన్నబోయింది. 1742లో జాన్ వెస్లీ తన సొంతూరు ఎప్‌వర్త్‌కు వెళ్లాడు. తండ్రి దశాబ్దాల పాటు గురువుగా ఉన్న చర్చి అది. అక్కడ ప్రసంగపీఠం ఎక్కనివ్వలేదు. జూన్ 6 సాయంత్రం వెస్లీ చర్చి బయట తండ్రి సమాధి రాతి మీద నిలబడి మాట్లాడాడు. జనం విరగబడి వచ్చారు. తర్వాతి సాయంత్రాలూ అక్కడే నిలబడ్డాడు. పీఠం ఇవ్వకపోతే ప్రసంగం ఆగుతుందనుకున్నవాళ్లకు అది ఆగదని ఇంగ్లండు అంతా తెలిసింది.

చివరికి మూడంతస్తుల పీఠాన్ని పడగొట్టింది వెస్లీ మనుషులు కాదు. 1839లో కేంబ్రిడ్జ్‌లో జాన్ మేసన్ నీల్, బెంజమిన్ వెబ్ అనే విద్యార్థులు మిత్రులతో కలిసి కామ్డెన్ సొసైటీ పెట్టారు. చర్చిలు మధ్యయుగాల్లో ఉన్నట్టు ఉండాలని వాళ్ల పట్టు. బలిపీఠానికి అడ్డంగా నిలిచిన చెక్క మేడలను చూస్తే వాళ్లకు మంట. రెండు తరాల్లో వాళ్ల మాటే నెగ్గింది. మేడలు ఊడదీశారు. ప్రసంగపీఠాన్ని పొట్టిచేసి ఒక పక్కకు నెట్టారు. ఇంకో పక్కన, చదవడానికి, చెరువుల్లో మునిగిన ఆ పాత ఇత్తడి పక్షిని మళ్లీ పోతపోయించారు. విక్టోరియా కాలపు కార్ఖానాల్లో అవి విరివిగా తయారై దేశమంతా వెళ్లాయి. ఎన్నో మంచి వడ్రం పనులను ఆ ఆవేశంలో తగలేశారని నాకు కోపం ఉంది. కొన్నిచోట్ల గొడుగు చెక్కలకు కాళ్లు తగిలించి బల్లలుగా వాడుకున్నారు. కానీ వాళ్లు అనుకోని మేలు ఒకటి జరిగింది. చదివే చోటు మూడంతస్తుల మేడలోంచి విడిపోయి నేల మీదికి, జనం పక్కకు వచ్చింది. గురువు కానివాళ్లు లేచి వెళ్లి పాఠం చదవడం వాడుక అయింది. 1866లో ఇంగ్లండు చర్చి రీడర్ అనే పదవిని తిరిగి ప్రారంభించి, సామాన్య విశ్వాసులకు చదివే బాధ్యత అధికారికంగా అప్పగించింది. జాన్ పోర్టర్ ప్రాణం పోయిన పనికి మూడు వందల ఏళ్ల తర్వాత బిషప్పుల ఆమోదం దొరికింది.

ఆ రెండు ధోరణులూ మన తెలుగు నేల మీదికి వచ్చాయి. వెస్లీ పేరు మీద వచ్చిన మిషనరీల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ ఒకరు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ కెథెడ్రల్ ఆయన కట్టించిందే. ఆంగ్లికన్ల వైపు నుంచి 1912లో వి.ఎస్. అజరయ్య దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. అక్కడి కెథెడ్రల్ 1939లో పూర్తయింది. 1947లో ఈ రెండు పాయలూ దక్షిణ ఇండియా సంఘంలో, మనం సి.ఎస్.ఐ. అనే దానిలో, కలిశాయి. పెద్ద కెథెడ్రళ్ల సంగతి అలా ఉంచితే, పల్లెల్లో వాక్యం నడిచింది ఉపదేశుల మీద. అయ్యగారు నెలకో రెండు నెలలకో వచ్చేవారు. మిగతా రోజుల్లో చదివి వినిపించింది, పాట నేర్పింది, పిల్లలకు అక్షరాలు దిద్దించింది ఉపదేశిగారు. ఆయన వెనక చెక్క పీఠం లేదు, నెత్తిన గొడుగు చెక్క లేదు. ఇవాళ పల్లె చర్చిలో ఆదివారం పాఠం చదవడానికి లేచేది తరచుగా ఆడవాళ్లు, కూలి పనికి వెళ్లేవాళ్లు. 1543 చట్టం పేరు పేరునా వద్దన్నది వీళ్లనే.

మైకులు వచ్చాక గొడుగు చెక్క పని తీరింది. ఎత్తు అవసరమూ తగ్గింది. పెట్టె పీటలు ఉన్నచోట మాత్రం పాత పీఠం ఎత్తు తగ్గించడానికి వీలుకాదు. విట్బీలో మూడంతస్తులూ నిలిచి ఉండడానికి ఆ పీటలు చెక్కుచెదరకుండా ఉండడం కూడా కారణమే. వాటిలో కొన్నింటి తలుపుల మీద పరాయి ఊరివాళ్లకు మాత్రమే అని రాసి ఉంటుంది. తక్కిన పీటలకు యజమానులు ఉండేవారు, అద్దెలు ఉండేవి, వాటి మీద వ్యాజ్యాలూ నడిచాయి. ఆ పీటల కథ వచ్చే సంచికలో.